దేహరేఖల్లో సాన్నిహిత్యాన్నీ అధికారాన్నీ చదవడం: ఎగోన్ షీలె చిత్రాల ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

ఆధునిక రేఖాచిత్రంలో మనిషి దేహం కనిపించగానే మనలో చాలామందిమి రెండు తీర్పుల్లో ఏదో ఒకటి వెంటనే ఇచ్చేస్తాం. ‘ఎంత ఆత్మీయంగా గీశాడు’ అనేది ఒకటి, ‘మోడల్‌ను ఎలా వాడుకున్నాడో చూడండి’ అనేది రెండోది. రెండూ బొమ్మను చూడకముందే మన నాలుక మీద సిద్ధంగా ఉన్న మాటలు. సాన్నిహిత్యం ఒక పక్క, అధికారం ఇంకో పక్క నిలబడి ఉంటాయనీ, ఒకటి ఉంటే రెండోది ఉండదనీ అనుకోవడం వల్లే ఈ తొందర వస్తుంది. నిజానికి ఒకరిని అంత దగ్గరగా చూడగలగడమే ఒక అధికారం. అంత దగ్గరకు రానివ్వాలా వద్దా అని తేల్చుకోవడం కూడా అధికారమే. ఈ రెండూ కాగితం మీద ఏ చోట, ఏ గీతలో కనిపిస్తాయో వెతికే పద్ధతిని ఈ వ్యాసం అడుగడుగుగా వివరిస్తుంది.

ఇందుకు ఎంచుకున్న చిత్రకారుడు ఆస్ట్రియాకు చెందిన ఎగోన్ షీలె. ఆయన 1890లో టుల్న్‌లో పుట్టి, 1918 అక్టోబరు 31న వియన్నాలో స్పానిష్ ఫ్లూతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు. గర్భవతిగా ఉన్న భార్య ఎడిత్ అంతకు మూడు రోజుల ముందే అదే జబ్బుతో చనిపోయింది. దేహాన్ని ఇంత దగ్గరగా, ఇంత నిర్మొహమాటంగా గీసినవాడు ఆ తరంలో అరుదు. ఆయన బొమ్మల ముందు ఎవరూ తటస్థంగా ఉండలేరు కాబట్టి ఈ అభ్యాసానికి అవి బాగా పనికొస్తాయి. ప్రధానంగా చూడబోయేది ప్రాగ్ నేషనల్ గ్యాలరీలో ఉన్న 1917 నాటి చిత్రం, మోకాలు పైకి మడిచి కూర్చున్న స్త్రీ. నల్ల క్రేయాన్‌తో గీసి, నీటిరంగులూ గువాషూ (నీటితో కలిపి వేసే దట్టమైన రంగు) వేసిన ఈ కాగితం సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దీనితోపాటు వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉన్న మరి రెండు చిత్రాలను పోలికకు తీసుకుంటాం. మూడింటి ప్రతులూ ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతాయి. ఫోన్ తెరమీద కాకుండా కాస్త పెద్ద తెరమీద తెరిచి, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: పేర్లు, కథలు పక్కన పెట్టి కనబడేదే రాయండి

చిత్రకారుడు ఎవరో, మోడల్ ఎవరో మరిచిపోయి పది వాక్యాలు రాయండి. వాటిలో భావాన్ని చెప్పే మాట ఒక్కటి కూడా ఉండకూడదు. 1917 చిత్రానికి ఆ వాక్యాలు ఇలా ఉండవచ్చు. ఒక స్త్రీ నేలమీద కూర్చుంది. ఒక మోకాలు పైకి లేచి ఉంది, ఆమె చెంప దానిమీద ఆని ఉంది. రెండో కాలు పక్కకు మడిచి ఉంది. జుట్టు ఎర్రటి నారింజ రంగులో ఉంది, ముడి సగం జారినట్టు చెదిరి ఉంది. పైన ఆకుపచ్చని వస్త్రం, కింద తెల్లటి లోదుస్తు, కాళ్లకు ముదురు రంగు మేజోళ్లు. కళ్లు సూటిగా మనవైపు చూస్తున్నాయి. ఆమె చుట్టూ కుర్చీ, మంచం, గోడ, కిటికీ ఏవీ లేవు.

ఇక్కడ చాలామంది ‘ఆమె దిగులుగా ఉంది’ అనో, ‘ఆహ్వానిస్తున్నట్టు ఉంది’ అనో రాసేస్తారు. రాసినా కొట్టివేయక్కర్లేదు, కానీ ఆ వాక్యాన్ని వేరే పేజీలోకి మార్చండి. ఆ తర్వాత దాన్ని కలిగించింది ఏమిటని అడగండి. తల వాలడమా, కనురెప్పల బరువా, పెదవుల గీతా? జవాబు కాగితం మీద దొరికితే ఆ వాక్యం తిరిగి లోపలికి వస్తుంది. దొరకకపోతే అది బొమ్మ గురించి కాదు, చూసేవారి గురించి చెబుతోందన్నమాట. అదీ ఉపయోగపడే సమాచారమే, అయితే చిత్రకారుడి ఖాతాలో మాత్రం వేయకూడదు.

రెండో అడుగు: గీసినవాడి కన్ను ఎక్కడుందో కనిపెట్టండి

పెళ్లి ఫోటోలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, ఎవరు వెనక వరుసకు జరిగారో చూసి బంధుత్వాల బలాబలాలు పసిగట్టగలం మనం. రేఖాచిత్రంలోనూ అదే తెలివి వాడాలి. తేడా ఏమిటంటే, ఇక్కడ ముఖ్యమైన రెండో మనిషి బొమ్మలో ఉండడు. అతని ఉనికి తెలిసేది దృక్కోణం ద్వారానే.

తెల్ల కాగితం మీద నేపథ్యం లేనప్పుడు కంటి ఎత్తును దేహం నుంచే రాబట్టాలి. గడ్డం కింది భాగం కనిపిస్తే చూసేవాడు కింద ఉన్నట్టు. నడినెత్తి, భుజాల పైభాగం, తొడల ఉపరితలం కనిపిస్తే పైన ఉన్నట్టు. దగ్గరి అవయవాలు దూరపు వాటికంటే బాగా పెద్దవిగా ఉంటే ఆయన ఆ మనిషికి చాలా సమీపంలో ఉన్నట్టు. 1917 చిత్రంలో మనం దాదాపు ఆమె ఎత్తులోనే ఉన్నాం. ఆమె నేలమీద కూర్చుంది కాబట్టి ఆయన కూడా కిందికి దిగి కూర్చుని ఉండాలి. ఇది ఊహ మాత్రమే కాదు. తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద పలక పెట్టుకుని ఆయన గీసేవాడని దగ్గరగా చూసినవారు రాసిపెట్టారు. నిలబడి ఉన్నవాడు కూర్చున్నదాన్ని గీయడం వేరు, ఇద్దరూ నేలకు దగ్గరగా ఉండి గీయడం వేరు.

అయితే షీలె ఎప్పుడూ ఇలాగే గీయలేదు. నిచ్చెన ఎక్కి, పడుకున్న మోడల్‌ను నిట్టనిలువునా పైనుంచి చూసి గీసిన సందర్భాలున్నాయి. ఇంకో సంగతి మరీ ముఖ్యం. పడుకున్న మనిషిని గీసి, కాగితాన్ని నిలువుగా తిప్పి సంతకం చేసేవాడు. దాంతో పడుకున్న దేహం గాల్లో వేలాడుతున్నట్టో, దేనికీ ఆనకుండా నిలబడినట్టో కనిపిస్తుంది. కాబట్టి ఆయన చిత్రం దేన్ని చూసినా ముందు సంతకం ఎటువైపు ఉందో గమనించి, ఆపైన బొమ్మను మనసులోనే నాలుగు వైపులా తిప్పండి. ఏదో ఒక దిశలో ఆ దేహం హాయిగా పరుపుమీద సేద తీరుతున్నట్టు కనిపిస్తే, మోడల్ ఇచ్చిన భంగిమకూ చిత్రకారుడు నిర్ణయించిన స్థితికీ మధ్య దూరం దొరికినట్టే. ఆమె పడుకుంది, ఆయన నిలబెట్టాడు. ఆమె కింద ఉన్న ఆధారాన్ని తీసేసింది ఒక సంతకం. అధికారం అంటే బలప్రయోగమే అయి ఉండనక్కర్లేదని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తట్టలేదు.

మూడో అడుగు: అంచులు, ఖాళీ

ఇది త్వరగా చూసే అడుగు. దేహం కాగితపు అంచులకు ఎంత దగ్గరగా వచ్చిందో, ఎక్కడైనా తెగిపోయిందో చూడండి. తెగితే ఏ అవయవం తెగింది? తల లేకుండా మొండెం గీయడానికీ, పాదాలు అంచు బయటికి పోనివ్వడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో మనిషి గుర్తింపు పోతుంది. రెండోదాంట్లో మనం దగ్గరికి జరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

షీలె దేహచిత్రాల్లో చాలావాటిలో గది ఉండదు. ఆ లేకపోవడం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. మనకూ ఆమెకూ మధ్య అడ్డు తొలగిపోతుంది కాబట్టి సాన్నిహిత్యం పెరుగుతుంది. అదే సమయంలో ఆమెకు ఆనుకోవడానికి గోడ, కప్పుకోవడానికి దుప్పటి, వెళ్లిపోవడానికి తలుపు లేకుండా పోతాయి. 1917 చిత్రంలో ఆమెకు ఉన్న ఒకే ఒక ఆధారం ఆమె మోకాలు. ఈ రెండు ఫలితాల్లో ఒకటి రాసి రెండోది వదిలేస్తే వ్యాఖ్యానం సగమే అవుతుంది.

నాలుగో అడుగు: ఎవరు ఎవరిని తాకుతున్నారు, బరువు ఎవరిమీద ఉంది

ఇప్పుడు చేతులు. బొమ్మలో దేహం దేన్నైనా తాకిన ప్రతి చోటా నోటుపుస్తకంలో ఒక గుర్తు పెట్టుకోండి. చెంప మోకాలిని తాకడం, చేయి కాలిని చుట్టుకోవడం, పిరుదులు నేలను ఆనడం, ఇలా. 1917 చిత్రంలో ఈ స్పర్శలన్నీ ఆమె తనను తాను తాకినవే. తన దేహాన్ని తానే ఒక గూడులా మడుచుకుని అందులో తల ఆనించుకుంది. ఆ గూటిలో రెండో మనిషికి చోటు లేదు. ఆమె దుస్తులు, కూర్చున్న తీరు అతి సన్నిహితమైన సందర్భాన్ని సూచిస్తున్నా, మూసుకున్న ఈ వలయం ‘ఇంతవరకే’ అని గీత గీసినట్టు ఉంటుంది.

ఇద్దరు మనుషులున్న బొమ్మలో ఇంకో ప్రశ్న చేరుతుంది. ఒకరు చేయి తీసేస్తే రెండోవారు పడిపోతారా? అల్బెర్టీనాలో ఉన్న ‘కూర్చున్న జంట’ 1915 నాటిది, అంటే షీలె, ఎడిత్‌ల పెళ్లయిన సంవత్సరానిది. ఎడిత్ వెనకనుంచి ఆయనను గట్టిగా వాటేసుకుని ఉంటుంది. ఆయన దేహంలో మాత్రం ప్రాణం లేనట్టుంటుంది. దారాలు వదిలేసిన తోలుబొమ్మలా అవయవాలు వేలాడుతూ, కళ్లు తెరిచి ఉన్నా ఎక్కడికీ చూడకుండా ఉంటాడు. భర్త ఆధారం, భార్య ఆధారితురాలు అనే వాడుక ఇక్కడ తలకిందులైంది. ఆమె వదిలితే ఆయన కూలిపోతాడు. తొలి చూపులో బలం ఆమెదే, నిస్సహాయత ఆయనదే.

కానీ ఆగండి. ఆ నిస్సహాయుణ్ని గీసింది ఎవరు? ఆయనే. తనను బలహీనుడిగా, భార్యను పట్టు వదలని మనిషిగా చూపాలన్న నిర్ణయం కూడా పెన్సిల్ పట్టుకున్న చేతిదే. ‘చిత్రంలో అధికారం’, ‘చిత్రం మీద అధికారం’ అనే రెండూ వేర్వేరు. మీ నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు మొదటిదీ, ఇంకోవైపు రెండోదీ రాసుకోండి. ఈ ఒక్క అలవాటు వ్యాఖ్యానాల్లో వచ్చే గందరగోళాన్ని చాలావరకు తప్పిస్తుంది. బొమ్మలో స్త్రీ దృఢంగా ఉంది కాబట్టి మోడల్‌కు స్టూడియోలో స్వేచ్ఛ ఉందని తేల్చడం మొదటిదాన్ని రెండోదిగా పొరబడడమే. ఆ పొరపాటు పేరున్న విమర్శకుల రాతల్లోనూ తరచు కనిపిస్తుంది.

ఐదో అడుగు: గీత ఎక్కడ పరుగెత్తింది, ఎక్కడ ఆగింది

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన అడుగు ఇదే. రేఖాచిత్రానికీ నూనెరంగుల చిత్రానికీ మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. నూనెరంగుల్లో చిత్రకారుడు నెలల తరబడి దిద్దుకోగలడు. గీత మాత్రం గీసిన క్షణాన్ని అలాగే పట్టి ఉంచుతుంది. చేయి ఎంత వేగంగా కదిలిందో, ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ వెనకాడిందో కాగితం మీద మిగిలిపోతుంది. మోడల్ ఎదురుగా ఉన్నంతసేపూ జరిగినదానికి అది నేరుగా దొరికిన సాక్ష్యం.

తెరమీద బొమ్మను పెద్దది చేసి, ఒక బాహ్యరేఖను మొదటినుంచి చివరిదాకా వేలితో అనుసరించండి. మోకాలి దగ్గర మొదలుపెట్టి పిక్క మీదుగా మడమ దాకా రండి. మీ వేలు ఎక్కడ సాఫీగా జారింది, ఎక్కడ కోణంగా విరిగింది? షీలె గీతలు నున్నగా ఒంపులు తిరిగి పోవు. ఎముక ఉన్నచోట సన్నగా, చురుగ్గా మలుపు తీసుకుంటాయి. కీళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి దిశ మార్చుకుంటాయి. ఆయన రబ్బరు వాడేవాడు కాదనీ, అరుదుగా గీత తప్పితే ఆ కాగితాన్నే పారేసేవాడనీ చెబుతారు. అంటే మన ముందున్న గీతకు ముందు చిత్తు లేదు, బేరం లేదు. ఆ మనిషిని ఆ క్షణంలో ఆయన చేయి ఎలా తెలుసుకుందో అదే మిగిలింది.

ఇప్పుడు ఒత్తిడిని గమనించండి. గీత ఎక్కడ ముదురుగా, ఎక్కడ వెలిసినట్టు ఉంది? ముఖాన్నీ చేతులనూ చిన్న చిన్న గీతలతో ఓపికగా తీర్చి, మిగతా దేహాన్ని ఒకే చుట్టుగీతతో వదిలేస్తే ఆయన ఆ మనిషి ఆలోచనలకూ స్పర్శకూ విలువ ఇచ్చాడని చెప్పవచ్చు. దానికి భిన్నంగా ముఖం రెండు చుక్కలూ ఒక గీతగా మిగిలి, దేహంలో ఒక భాగం మీదే శ్రద్ధంతా పెట్టి ఉంటే ఆ కాగితం మీద మనిషి కంటే దేహానికే పీట వేశారన్నమాట. షీలె చిత్రాల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఆయన అభిమానులు మొదటివాటినే చూపిస్తారు, ఆయనను తప్పుబట్టేవారు రెండోవాటినే చూపిస్తారు. ఏ బొమ్మకు ఆ బొమ్మ లెక్కే వేయాలి.

ఇక రంగు. షీలె గీతను మోడల్ ఎదుటే గీసి, రంగులు మాత్రం ఆమె వెళ్లిపోయాక జ్ఞాపకం నుంచి వేసేవాడు. ఈ ఒక్క వివరం తెలిస్తే 1917 చిత్రాన్ని చూసే తీరే మారిపోతుంది. క్రేయాన్ గీత ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పటిది. ఆ ఆకుపచ్చ, ఆ నారింజ ఆయన ఒంటరిగా ఉన్నప్పటివి. అందుకే బొమ్మలో రెండు పొరలను విడదీసి చదవాలి. గీతను మాత్రమే చూస్తే ఎదురుగా కూర్చున్న ఒక మనిషి గంభీరంగా తనలోకి ముడుచుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. రంగు చేరాక జుట్టు మంటలా లేస్తుంది, ఆకుపచ్చ దాన్ని మరింత రాజేస్తుంది, తెల్లటి బట్ట మీద కుంచె తడి ఆరిన జాడలు బట్ట మడతల్లాగే కనిపిస్తాయి. ఆమెలో మనకు కనిపించే ‘వేడి’ చాలావరకు ఆమె లేనప్పుడు వచ్చి చేరింది. అది అబద్ధమని అనడం లేదు. గుర్తుచేసుకోవడం కూడా సాన్నిహిత్యమే. అయితే దానికి ఆమె కాదనే అవకాశం లేదు.

ఈ విడదీత చేయడానికి ఒక చిట్కా ఉంది. బొమ్మను ఫోన్‌లోనే నలుపు తెలుపుల్లోకి మార్చి, పక్కన రంగుల ప్రతిని పెట్టుకోండి. నలుపు తెలుపుల్లో ఏ భావం మిగిలిందో, ఏది పోయిందో రెండు వాక్యాల్లో రాయండి.

ఆరో అడుగు: చూపును నమ్మేముందు

‘ఆమె మనవైపు సూటిగా చూస్తోంది, కాబట్టి ఆమెకు అధికారం ఉంది.’ ఆధునిక చిత్రాల గురించి రాసే వ్యాసాల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. సూటి చూపు ఒక్కటే దేన్నీ తేల్చదు. దుకాణంలో అలంకారపు బొమ్మ కూడా సూటిగానే చూస్తుంది. అడగవలసింది వేరు. ఆ చూపు ఎవరికోసం? దానికి జవాబుగా మనం ఏం చేయాల్సి వస్తోంది?

1910లో షీలె గీసిన ఒక పెన్సిల్ చిత్రం అల్బెర్టీనాలో ఉంది. అద్దం ముందు నిలబడిన నగ్న మోడల్‌ను గీస్తున్న తననే ఆయన అందులో గీసుకున్నాడు. మోడల్ వీపు మనవైపు ఉంటుంది. ఆమె ముందుభాగం అద్దంలోని ప్రతిబింబంలో కనిపిస్తుంది. అదే అద్దంలో, ఆమె వెనక కూర్చుని పలకమీద గీస్తున్న చిత్రకారుడు కూడా కనిపిస్తాడు. అద్దానికి చట్రం గీయలేదు కాబట్టి ఏది మనిషో ఏది ప్రతిబింబమో మొదట తికమకగా ఉంటుంది. ఒక చేయి నడుం మీద వేసి నిలబడిన తీరు చూస్తే ఆమె తన రూపాన్ని తానే పరీక్షించుకుంటున్నట్టు ఉంటుంది. ఆయన మాత్రం కళ్లప్పగించి చూస్తుంటాడు.

ఈ బొమ్మ ముందు కాసేపు కూర్చుని చూపుల పటం గీయండి. ఒక్కొక్క చూపునూ బాణం గుర్తుతో చూపించాలి. ఆమెనుంచి ఆమె ప్రతిబింబానికి ఒకటి, ఆయననుంచి అద్దానికి ఒకటి, మననుంచి ఇద్దరికీ ఒక్కొక్కటి. అప్పుడు తెలుస్తుంది, ఆమెను రెండువైపులా చూసే అవకాశం ఆయనకూ మనకూ ఉంది, ఆమెకు తన ముందుభాగం మాత్రమే ఉంది. అయితే ఆయన తనను దాచుకోలేదు. మామూలు నగ్నచిత్రంలో గీసినవాడు బయటే ఉండిపోతాడు, మనల్ని తన స్థానంలో కూర్చోబెట్టి తాను తప్పుకుంటాడు. ఇక్కడ ‘చూస్తున్నది నేనే’ అని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు పశ్చాత్తాపమా, గొప్ప చెప్పుకోవడమా? నా దృష్టిలో రెండోదే ఎక్కువ, ఎందుకంటే ఇరవై ఏళ్లవాడు తన నైపుణ్యం చూపడానికి ఎంచుకున్న చిక్కుముడి ఇది. అయినా బొమ్మ ఆ గొప్పను దాటిపోయింది. స్టూడియోలోని లెక్కను, ఎవరు నిలబడ్డారో, ఎవరు కూర్చున్నారో, ఎవరికి బట్టలున్నాయో, మన ముందు దాచకుండా పెట్టింది.

ఇక 1917 చిత్రంలోని చూపుకు వద్దాం. ఆ కళ్లలో సవాలు ఉందంటారు. ఉంది, కానీ కళ్లను తల నుంచి వేరుచేసి చూడకండి. తల మోకాలిమీద పూర్తిగా వాలిపోయి ఉంది, మెడ బరువు మోయడం మానేసింది. దేహం విశ్రాంతిలో ఉంటే కళ్లు మాత్రం కాపలా ఉన్నాయి. ఆమె అలసిపోయి ఉండవచ్చు, చాలాసేపటిగా అదే భంగిమలో ఉండి ఉండవచ్చు. అయినా గీసేవాణ్ని గమనిస్తూనే ఉంది. దగ్గరితనమూ జాగ్రత్తా కలిసి ఉన్న ఈ స్థితిని ‘ఆహ్వానం’ అన్నా ‘తిరస్కారం’ అన్నా బొమ్మ చిన్నబోతుంది.

ఏడో అడుగు: ఇప్పుడు జీవితకథను లోపలికి రానివ్వండి

ఇంతవరకు రాసింది పక్కన పెట్టుకుని అప్పుడు చరిత్ర చదవండి. ముందే చదివితే కళ్లు దానికి సాక్ష్యాలు వెతకడం తప్ప ఇంకేమీ చేయవు.

1917 చిత్రంలోని స్త్రీ ఎడిత్ అక్క అడేలె హార్మ్స్ అని చాలామంది పరిశోధకులు భావిస్తారు. అంటే ఆమె కూలి తీసుకునే మోడల్ కాదు, ఇంటి మనిషి. అందుకని ఆమెకు ఎక్కువ స్వేచ్ఛ ఉందా? అలాగని కాదు. బంధుత్వంలో మొహమాటం ఉంటుంది, కాదనడం కష్టం. కూలి మోడల్ గంటలు లెక్కపెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఏది ఎక్కువ స్వేచ్ఛో ముందుగా చెప్పలేం, కానీ రెండూ వేర్వేరు షరతులని తెలుసుకుంటే చూపులోని ఆ కాపలాకు ఇంకో అర్థం తోస్తుంది.

షీలె ప్రధాన మోడళ్లలో ఒకరు, ఆయన సహచరి వాలి నోయ్‌జిల్. ఆమె 1894లో పుట్టింది, 1911లో ఆయన జీవితంలోకి వచ్చింది. ఆయన కంటే నాలుగేళ్లు చిన్నది, ఆర్థికంగా దిగువ వర్గపు అమ్మాయి. 1915లో ఆయన మధ్యతరగతి కుటుంబానికి చెందిన ఎడిత్‌ను పెళ్లాడాడు. వాలి నర్సుగా యుద్ధసేవలో చేరి, 1917 డిసెంబరులో డాల్మేషియాలో స్కార్లెట్ జ్వరంతో చనిపోయింది. ఎవరిని గీయవచ్చు, ఎవరిని పెళ్లాడవచ్చు అనే వర్గభేదం ఈ మూడు వాక్యాల్లోనే ఉంది.

1912 కేసును కూడా దాటవేయకూడదు. ఆ ఏప్రిల్‌లో నోయ్‌లెంగ్‌బాఖ్‌లో షీలెను అరెస్టు చేశారు. బాలికకు సంబంధించిన తీవ్ర ఆరోపణలు నిలబడలేదు. పిల్లలు వచ్చిపోయే చోట అసభ్య చిత్రాలను వారి కంటబడేలా ఉంచాడన్న నేరం రుజువైంది. మొత్తం 24 రోజులు నిర్బంధంలో గడిపాడు. న్యాయమూర్తి ఆయన చిత్రం ఒకదాన్ని కోర్టులోనే తగలబెట్టాడు. ఆ రోజుల్లో ఆయన స్టూడియోకు పేదింటి పిల్లలు వచ్చేవారనీ, వారిని గీసేవాడనీ తెలిసినప్పుడు, ‘వయసు’ అనేది అధికారపు లెక్కలో మొదటి పద్దు కావాలి. మైనర్లు మోడళ్లుగా ఉన్న చిత్రాల్లో సాన్నిహిత్యం గురించి సౌందర్యభాష వాడడాన్ని నేను సమర్థించను. అక్కడ సమ్మతి అనే ప్రశ్నకే తావు లేదు. అయితే ఆ ఒక్క కేసును తెచ్చి ఆయన గీసిన ప్రతి వయోజనురాలి మీదా కప్పేయడం కూడా తప్పే. అలా చేస్తే అడేలె చూపు, ఎడిత్ పట్టు రెండూ మాయమై మళ్లీ షీలె ఒక్కడే మిగులుతాడు.

శీర్షికల విషయంలోనూ జాగ్రత్త. ఇలాంటి రేఖాచిత్రాల పేర్లు ఎక్కువగా మ్యూజియాలూ కేటలాగుల తయారీదారులూ పెట్టినవి. ‘కూర్చున్న స్త్రీ’ అన్న పేరులో అడేలె లేదు. ఆ తీసివేత ఎవరు చేశారో కూడా గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: కాగితం ఎవరి చేతులు మారింది

అధికారం స్టూడియోతో ఆగిపోదు. షీలె చిత్రాలు పెద్ద సంఖ్యలో సేకరించిన వియన్నా హాస్యనటుడు ఫ్రిట్జ్ గ్రూన్‌బౌమ్ యూదుడు. ఆయన 1941లో డాహౌ నాజీ శిబిరంలో మరణించాడు. ఆయన సేకరణ నుంచి నాజీలు లాక్కున్న కొన్ని చిత్రాలు 2023లో అమెరికా మ్యూజియాల నుంచి వారసులకు తిరిగి దక్కాయి. ఒక స్త్రీ ఒక గదిలో ఒకరి ముందు కూర్చున్న క్షణం, ఎవరెవరో బలవంతంగా లాక్కున్న ఆస్తిగా మారింది. మీరు చదువుతున్న చిత్రం ఎక్కడెక్కడ తిరిగిందో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసి ఒక వాక్యం రాసుకుంటే చాలు.

తొమ్మిదో అడుగు: ఇదే పద్ధతిని మన దగ్గరి చిత్రాలకు వాడి చూడండి

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాద్‌లోనూ బరోడాలోనూ చదువుకున్న కె. లక్ష్మా గౌడ్ గీతలు ఈ అభ్యాసానికి సరైన రెండో పాఠం. ఆయన తొలినాటి కలం గీతల్లో, ఎచింగుల్లో (లోహపు పలకమీద ఆమ్లంతో గీతలు చెక్కి తీసే ముద్రల్లో) పల్లె స్త్రీపురుషులు, మేకలు, చెట్లు ఒకే ప్రాణంలా అల్లుకుని ఉంటాయి. షీలె ఖాళీ కాగితానికి ఇది పూర్తి విరుద్ధం. ఇక్కడ దేహం ఒంటరిగా లేదు, దాని చుట్టూ ఊరంతా ఉంది. కాబట్టి మూడో అడుగులోని ప్రశ్న మారుతుంది. ఖాళీ దేహాన్ని ఎలా బయటపెట్టిందని కాకుండా, చుట్టూ ఉన్న ప్రకృతి దేహానికి ఏ అనుమతి ఇస్తోందని అడగాలి. కామం ఇక్కడ చాటున జరిగే వ్యవహారం కాదు, పశువులతోపాటు, పంటతోపాటు ఉండేది. అలాగని అధికారం లేకుండా పోదు. జంట ఉన్న చిత్రంలో ఎవరి కళ్లు తెరిచి ఉన్నాయి, ఎవరివి మూసి ఉన్నాయి, మనవైపు ఎవరు తిరిగారు అన్న నాలుగో, ఆరో అడుగుల ప్రశ్నలు ఇక్కడా అంతే పదునుగా పనిచేస్తాయి.

పదో అడుగు: రాయడం

నోటుపుస్తకంలోని ముక్కలను ఒక పేరాగా కూర్చండి. 1917 చిత్రానికి నేనైతే ఇలా రాస్తాను.

‘తన మోకాలినే దిండు చేసుకుని నేలమీద ముడుచుకు కూర్చున్న ఈ స్త్రీని చిత్రకారుడు తనూ నేలకు దిగి, ఆమె కళ్ల ఎత్తు నుంచే చూశాడు. ఆమె చేతులూ కాళ్లూ కలిసి ఒక వలయం కట్టాయి, అందులోకి మరొకరికి దారి లేదు. చుట్టూ గది లేకపోవడంతో ఆమె మనకు మరీ దగ్గరైంది, కానీ ఆమెకంటూ చోటు లేకుండా పోయింది. తల వాలిపోయినా కళ్లు కాపలా ఉన్నాయి. గీతలో కనిపించే ఆ నిబ్బరం ఆమె ఎదురుగా ఉన్నప్పటిది, జుట్టులోని మంట ఆమె వెళ్లాక ఆయన గుర్తుచేసుకున్నది. చూడనివ్వడానికి ఆమె ఒప్పుకున్నట్టుంది, కానీ చూపించినదంతా ఆమె ఒప్పుకున్నదేనని ఈ కాగితం చెప్పడం లేదు.’

మీ పేరా రాశాక ప్రతి వాక్యం కింద గీత గీసి, అది బొమ్మలోని ఏ చోటునుంచి వచ్చిందో మార్జిన్‌లో రాయండి. మోకాలు, అంచు, సంతకం, క్రేయాన్ ఒత్తిడి, ఇలా. మార్జిన్ ఖాళీగా ఉన్న వాక్యాన్ని ఏడో అడుగు పేజీలోకి పంపండి. అక్కడ కూడా దానికి ఆధారం దొరకకపోతే కొట్టేయండి. మర్నాడు అదే బొమ్మను, పేరా చదవకుండా, మళ్లీ తెరిచి మొదటి అడుగులోని పది వాక్యాలు కొత్తగా రాసి పాతవాటితో పోల్చండి. ఏవి మారాయో అక్కడే రెండో వ్యాసానికి పని ఉంది.